తనలోని గర్వాన్ని తాను గుర్తించడం: ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నాయిక ఎలిజబెత్ పాత్ర – పరిశీలన

వ్యాససంగ్రహం:

జేన్ ఆస్టిన్ రచించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవలలో గర్వం నాయకుడైన డార్సీదని, దురభిప్రాయం నాయికయైన ఎలిజబెత్‌దని విభజించి చెప్పడం పరిపాటి. ఎలిజబెత్ దురభిప్రాయానికి మూలం ఆమె గర్వమేనని, అది వివేకం, హాస్యం, న్యాయదృష్టి అనే సుగుణాల చాటున ఉండటంవల్ల ఆమెకుగాని పాఠకునికిగాని కనిపించదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. డార్సీ లేఖను ఆమె చదివిన తీరును ప్రధాన ఆధారంగా తీసుకొని, ఆత్మగుర్తింపు జరిగే క్రమాన్ని ఇందులో వివరించడమైంది. మన సాహిత్యంలోని గర్వభంగ కథలకూ ఈ గుర్తింపుకూ గల భేదాన్ని, గర్వానికీ ఆత్మాభిమానానికీ మధ్య ఈ నవల గీసిన రేఖను పరిశీలించడమైంది.

కీలకపదాలు: గర్వం, ఆత్మాభిమానం, విద్యామదం, అభిజ్ఞానం, కథనదృష్టి, ఎలిజబెత్, ఆస్టిన్.

1. ప్రవేశిక:

అరిషడ్వర్గాలలో మదం ఒకటి. మిగిలిన ఐదింటికంటె దీనిని గుర్తించడం కష్టం. కోపం వచ్చినవానికి కోపం వచ్చిందని తెలుస్తుంది. లోభి తన లోభాన్ని పొదుపు అని పిలుచుకున్నా, లోలోపల ఎక్కడో దాని పేరు అతనికి తెలుసు. గర్వం మాత్రం ఉన్నచోట ఉన్నట్లు కనిపించదు. అది తరచుగా మనలోని ఒక మంచి గుణాన్ని ఆశ్రయించి బతుకుతుంది. దానధర్మాలు చేసేవానికి దాతృత్వంలోను, నిజాయతీపరునికి నిజాయతీలోను, పండితునికి పాండిత్యంలోను అది చోటు చేసుకుంటుంది. ఆ గుణం నిజమైనదే కావడంవల్ల దాని చాటున ఉన్నదానిని అనుమానించవలసిన అవసరం తోచదు.

ఇటువంటి గర్వాన్ని ఒక వ్యక్తి తనలో తాను ఎలా గుర్తించగలడు? నీతిశాస్త్రాలు గర్వం కూడదని చెబుతాయి. గుర్తించే క్రమాన్ని చూపడం కథాసాహిత్యానికే ఎక్కువగా సాధ్యం. పాత్ర మనసులో ఒక అభిప్రాయం ఎలా పుట్టింది, ఎలా బలపడింది, ఎలా కూలింది అన్నది వందల పుటలలో క్రమంగా చూపగల ప్రక్రియ నవల. అందుకు ఎలిజబెత్ పాత్ర మంచి ఉదాహరణ.

2. నవల – నేపథ్యం:

జేన్ ఆస్టిన్ (1775–1817) ఇంగ్లండులోని హాంప్‌షైర్ ప్రాంతంలో ఒక చర్చి మతాధికారి కుమార్తె. ఈ నవల తొలి రూపాన్ని ఆమె 1796–97లో ‘ఫస్ట్ ఇంప్రెషన్స్’ అనే పేరుతో రాసింది. ఆమె తండ్రి 1797లో దానిని గురించి ఒక ప్రచురణకర్తకు రాయగా అతడు తిరస్కరించాడు. ఆ తర్వాత సంస్కరణలు పొంది, కొత్త పేరుతో 1813 జనవరిలో మూడు సంపుటాలుగా వెలువడింది. తొలి పేరుకు ‘తొలి చూపులో ఏర్పడిన అభిప్రాయాలు’ అని అర్థం. పేరు మారినా నవల అంతటా ఆ ఇతివృత్తమే నడిచింది.

కథ స్థూలంగా ఇది. బెనెట్ దంపతులకు ఐదుగురు కూతుళ్లు. కొడుకులు లేకపోవడంవల్ల తండ్రి అనంతరం ఆస్తి కాలిన్స్ అనే దూరపు బంధువుకు చెందుతుంది. రెండవ కూతురు ఎలిజబెత్. ఇరవయ్యేళ్లది, తెలివైనది, మాటకారి. ధనికుడైన డార్సీ ఒక నృత్యసభలో, ఆమె వినేలా, ఆమె అందం తనను ఆకర్షించేంతటిది కాదని మిత్రుడు బింగ్లీతో అంటాడు. అప్పటినుండి అతడు గర్విష్ఠి అని ఆమె నిశ్చయం. తర్వాత వికమ్ అనే సైనికాధికారి పరిచయమై, డార్సీ తనకు అన్యాయం చేశాడని చెబుతాడు. ఆమె నమ్ముతుంది. డార్సీ పెళ్లి ప్రస్తావన తెచ్చినప్పుడు తీవ్రంగా తిరస్కరిస్తుంది. మరునాడు అతడిచ్చిన లేఖ ఆమెకు తనను తాను చూపిస్తుంది.

3. గర్వం – తెలుగు మాటల అర్థచ్ఛాయలు:

ఆంగ్లంలోని ‘ప్రైడ్’ అనే ఒక్క మాటకు తెలుగులో అనేక పదాలున్నాయి. గర్వం, అహంకారం, దర్పం, అతిశయం, పొగరు అనేవి నిందార్థకాలు. అభిమానం, ఆత్మగౌరవం అనేవి ప్రశంసార్థకాలు. ‘అభిమానవంతురాలు’ అంటే మెచ్చుకోలు, ‘గర్విష్ఠి’ అంటే నింద. ఒకే స్త్రీ గురించి ఈ రెండు మాటలూ వినవచ్చు. ఏ మాట వాడాలన్నది చాలాసార్లు ఆమె ప్రవర్తనకంటె, చెప్పేవానికి ఆమెపై ఉన్న ఇష్టాయిష్టాలను బట్టి నిర్ణయమవుతుంది.

నవలలోనూ ఈ భేదచర్చ ఉంది. ఐదవ అధ్యాయంలో ఎలిజబెత్ చెల్లెలు మేరీ గర్వానికీ డాంబికానికీ తేడా చెబుతుంది. మనల్ని గురించి మనం అనుకునేది గర్వమని, ఇతరులు మనల్ని గురించి ఏమనుకోవాలని కోరుకుంటామో అది డాంబికమని ఆమె వివరణ. పుస్తకజ్ఞానాన్ని సందర్భం లేకుండా వల్లించే పాత్ర కావడంవల్ల ఆమె మాటను ఎవరూ పట్టించుకోరు. పాఠకుడూ నవ్వి ముందుకు సాగుతాడు. కాని నవల మొత్తానికి తాళంచెవి వంటి మాటను రచయిత్రి ఎవరూ వినిపించుకోని పాత్ర నోట పెట్టడం గమనార్హం.

మన సంప్రదాయం చెప్పే అష్టమదాలలో ధనమదం, కులమదం డార్సీవి. అవి అందరికీ కనిపిస్తాయి. ఎలిజబెత్‌ది విద్యామదానికి దగ్గరిది. విద్య అంటే ఇక్కడ పుస్తకాల చదువు కాదు, మనుషులను చదవగలనన్న నమ్మకం.

4. ఎలిజబెత్ గర్వం కనిపించకపోవడానికి కారణాలు:

4.1. గాయపడిన మనసు: డార్సీ గర్వాన్ని సులభంగా క్షమించగలిగేదానినని, అతడు తన గర్వాన్ని దెబ్బతీయకపోతేనని ఎలిజబెత్ ఐదవ అధ్యాయంలోనే అంటుంది. తనకు గర్వమున్నదని ఆమె స్వయంగా ఒప్పుకున్న మాట అది. అయినా అది చమత్కారంగా వెలువడింది కనుక ఎవరి మనసులోనూ నిలవదు. అవమానం పొందినవారి పక్షాన నిలబడటం పాఠకునికి సహజం. బాధితురాలిలో కూడా గర్వం ఉండవచ్చునన్న ఆలోచన ఆ సమయంలో రాదు.

4.2. హాస్యం: ఇతరుల వెర్రితనాలు తనకు వినోదమని ఎలిజబెత్ అంటుంది. తల్లి అల్పత్వం, కాలిన్స్ అతివినయం, బింగ్లీ సోదరీమణుల డంబం ఆమె చూపునుండి తప్పించుకోవు. ఆమె పరిశీలనలు చాలావరకు సరైనవే. చిక్కు అక్కడే ఉంది. పదిసార్లు సరిగా గుర్తించినవారు పదకొండవసారి పరీక్షించి చూడటం మానేస్తారు. పైగా నవ్వేవారు ఎప్పుడూ నవ్వించబడేవారికంటె ఒక మెట్టు పైన నిలబడి ఉంటారు. ఆ ఎత్తు వారికి తెలియకుండానే అలవాటవుతుంది.

4.3. కథనదృష్టి: ఆస్టిన్ ఈ నవలలో ప్రథమపురుష కథనాన్ని వాడుతూనే, చాలా చోట్ల కథకుని వాక్యాన్ని ఎలిజబెత్ ఆలోచనతో కలిపివేస్తుంది. ‘ఆమె అనుకుంది’ అన్న సూచన లేకుండానే ఆమె అభిప్రాయం కథకుని నిర్ణయంలా వినిపిస్తుంది. విమర్శకులు దీనిని ఫ్రీ ఇన్‌డైరెక్ట్ డిస్కోర్స్ అంటారు. దీనివల్ల వికమ్‌ను ఆమెతోపాటు పాఠకుడూ నమ్ముతాడు.

అయితే ఆమెను అనుమానించడానికి తగిన ఆధారాలనూ రచయిత్రి ముందే ఉంచింది. వాటిలో ముఖ్యమైనది షార్లెట్, వికమ్‌ల విషయంలో ఎలిజబెత్ వాడిన రెండు కొలతలు. స్నేహితురాలు షార్లెట్ ఆర్థికభద్రత కోసం కాలిన్స్‌ను పెళ్లాడటానికి ఒప్పుకున్నప్పుడు ఎలిజబెత్ ఆమెను మనసులో దిగజారినదానిగా చూస్తుంది. కొన్నాళ్లకు వికమ్ తనను విడిచి, అప్పుడే పదివేల పౌండ్ల ఆస్తి కలిసివచ్చిన మిస్ కింగ్ వెంట పడినప్పుడు అదే పనిని వివేకమని సమర్థిస్తుంది. ఆస్తి అడ్డురాకపోతే అతడు తననే కోరుకునేవాడన్న ఊహ ఆమెకు తృప్తినిచ్చిందని 26వ అధ్యాయంలో కథకురాలు నిదానంగా చెబుతుంది. తనను ఇష్టపడినవానికి ఒక న్యాయం, తన సలహా అడగకుండా నిర్ణయం తీసుకున్న స్నేహితురాలికి మరొక న్యాయం. మొదటిసారి చదివేటప్పుడు ఈ వ్యత్యాసాన్ని చాలామంది దాటిపోతారు.

5. లేఖ – గుర్తింపు ఘట్టం:

అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో అజ్ఞానంనుండి జ్ఞానానికి మారడాన్ని విషాదరూపక కథాంగాలలో ఒకటిగా చెప్పాడు. దానిని మనం ‘అభిజ్ఞానం’ అనవచ్చు. కాళిదాసు శాకుంతలంలో అభిజ్ఞానానికి సాధనం ఉంగరం. దానివల్ల దుష్యంతుడు మరచిపోయిన శకుంతలను గుర్తిస్తాడు. ఈ నవలలో సాధనం లేఖ. దానివల్ల ఎలిజబెత్ గుర్తించింది తనను తాను. 36వ అధ్యాయంలోని ఈ గుర్తింపు మూడు దశలలో జరిగింది.

5.1. నిరాకరణ: మొదటి పఠనంలో ఆమె అర్థం చేసుకోవడానికి కాక ఖండించడానికి చదువుతుంది. అక్క జేన్‌ను బింగ్లీనుండి దూరం చేయడానికి డార్సీ చెప్పిన కారణాలను అబద్ధమని తోసివేస్తుంది. వికమ్ భాగం వచ్చేసరికి కలవరపడుతుంది. ఇక ఆ లేఖను చూడనని నిశ్చయించుకొని మడిచి పెట్టేస్తుంది. అర నిమిషంలోనే మళ్లీ విప్పుతుంది. ఆత్మగుర్తింపుకు మొదటి మెట్టు ఈ అర నిమిషం. మడిచి పెట్టి ఉంటే ఆమె జీవితాంతం తాను సరిగానే ఉన్నానని నమ్మగలిగేది. ఆమె మళ్లీ విప్పింది కనుకనే, గర్వమున్నా నిజాయతీ అంతకంటె బలమైనదని తెలుస్తుంది.

5.2. సాక్ష్యాల పునఃపరిశీలన: రెండవ పఠనంలో ఆమె ప్రతి వాక్యాన్నీ తూచి చూస్తుంది. ఇక్కడ జరిగింది పశ్చాత్తాపంకంటె ముందు విచారణ. చర్చి ఉద్యోగానికి బదులుగా వికమ్ మూడువేల పౌండ్లు తీసుకున్నాడని డార్సీ రాశాడు. ఈ మాటకు ఎదురుగా వికమ్ మంచితనానికి తన దగ్గరున్న రుజువేమిటని ఆమె వెతుకుతుంది. అతని రూపం, మాటతీరు, అందరి మెప్పు తప్ప ఒక్క మంచి పనీ గుర్తుకు రాదు. తర్వాత పాత సంభాషణలు కొత్త అర్థంతో గుర్తుకు వస్తాయి. పరిచయమైన మరునాడే తన సొంత విషయాలను ఒక కొత్త వ్యక్తికి చెప్పుకోవడం మర్యాద కాదని ఇప్పుడు తోస్తుంది. డార్సీకి భయపడి తాను తప్పుకోనని చెప్పినవాడే నెదర్‌ఫీల్డ్ నృత్యసభకు రాలేదు. డార్సీ ఆ ఊరు విడిచేదాకా ఒక్కరితోనే చెప్పిన నింద, అతడు వెళ్లగానే ఊరందరికీ చెప్పాడు.

ఈ విషయాలలో ఒక్కటీ లేఖవల్ల తెలిసినది కాదు. ఇవన్నీ ఆమె స్వయంగా చూసినవి, విన్నవి. సమాచారం లేక ఆమె పొరబడలేదు. ఉన్న సమాచారాన్ని చూడనివ్వనిది ఒకటి ఆమెలో ఉంది. అదేమిటన్న ప్రశ్నే మూడవ దశకు దారి తీసింది.

5.3. పేరు పెట్టడం: తన తప్పును ఆమె ‘మోసపోయాను’ అని సరిపెట్టుకోలేదు. మోసపోవడంలో తప్పంతా మోసగించినవానిదే అవుతుంది. తన వివేచనాశక్తిని చూసి తాను గర్వించానని, అందరిలో మంచినే చూసే అక్క ఉదారస్వభావాన్ని చులకన చేశానని ఆమె గ్రహిస్తుంది. ఒకడు ఇష్టపడినందుకు పొంగి, ఒకడు నిర్లక్ష్యం చేసినందుకు నొచ్చుకొని, ఇద్దరి విషయంలోనూ బుద్ధిని పక్కకు నెట్టానని ఒప్పుకుంటుంది. ఈ క్షణం వరకు తనను తాను ఎరగనేలేదన్నది ఆమె ముగింపు.

అక్క స్వభావం ఇక్కడ ప్రస్తావనకు రావడం ముఖ్యం. వికమ్ కథ విన్నప్పుడు జేన్ ఇద్దరిలో ఎవరినీ నిందించక, మనకు తెలియని కారణమేదో ఉండవచ్చునన్నది. అప్పుడది అమాయకత్వంలా కనిపించింది. ఇప్పుడు చూస్తే ఉన్న ఆధారాలకు తగిన తీర్పు అదొక్కటే. తెలివైన చెల్లెలికంటె అమాయకురాలైన అక్కే సత్యానికి దగ్గరగా నిలిచింది. 40వ అధ్యాయంలో ఎలిజబెత్ జేన్‌తో మాట్లాడుతూ, కారణం లేకుండా ఒకరిని ద్వేషించడం తెలివికి పదును పెడుతుందని, చమత్కారానికి అవకాశమిస్తుందని, అందుకే తాను అలా చేశానని నవ్వుతూనే చెబుతుంది. గుణంలో గర్వం ఎలా దాగుతుందో ఇంతకంటె స్పష్టంగా చెప్పడం కష్టం.

6. గర్వభంగం – గర్వగుర్తింపు:

మన సాహిత్యంలో గర్వానికి ప్రసిద్ధి పొందిన నాయిక సత్యభామ. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో నారదుడు తెచ్చిన పారిజాతాన్ని కృష్ణుడు రుక్మిణికి ఇవ్వగా, సత్య అలుకలో పాదాలపై వాలిన కృష్ణుని శిరసును ఎడమకాలితో తొలగదోస్తుంది. తులాభారం కథలో ఆమె సంపద అంతా తూచలేని కృష్ణుణ్ణి రుక్మిణి వేసిన తులసీదళం తూస్తుంది. ఈ రెండింటిలోనూ సత్య గర్వం బహిరంగం. ఆమెకూ తెలుసు, లోకానికీ తెలుసు. తులాభారంలో ఆ గర్వం అణగడమూ బహిరంగమే. నలుగురి ఎదుట, ఒక బాహ్యసంఘటన ద్వారా, దైవసంకల్పంగా అది జరుగుతుంది.

ఎలిజబెత్ విషయంలో ఈ మూడూ లేవు. గర్వం దాగి ఉంది. దానిని చూపడానికి సభ లేదు. లేఖ చదివి ఆమె ఆ దారిలో రెండు గంటలు ఒంటరిగా నడుస్తుంది. డార్సీ లేఖ ఉద్దేశం అతని సమర్థన, ఆమె గర్వాన్ని అణచడం కాదు. తీర్పు చెప్పిందీ, తలవంచిందీ ఆమే. గర్వభంగంలో ఒకరు మరొకరిని ఓడిస్తారు. గర్వగుర్తింపులో ఓడించేవారు వేరే ఉండరు. అందువల్లనే దానిని కథగా చెప్పడం కష్టం, జీవితంలో సాధించడం మరింత కష్టం.

7. గర్వం పోయి అభిమానం నిలవడం:

చలాకీ అయిన నాయికను తలవంచేలా చేసి, ధనికుడైన నాయకునికి అప్పగించడమే ఈ కథ సారాంశం కాదా అన్న ఆక్షేపణ రావచ్చు. స్త్రీలకు వినయాన్ని ధర్మంగా బోధించిన సమాజాలలో ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. నవలలోని ఆధారాలు మాత్రం భిన్నంగా ఉన్నాయి.

మొదటిది, లేఖలోని నిజాన్ని అంగీకరించిన తర్వాత కూడా అతణ్ణి తిరస్కరించినందుకు ఆమె క్షణమైనా విచారించదు. అతడు పెళ్లి అడిగిన తీరులోని అహంకారం అహంకారమే. తన గర్వాన్ని గుర్తించడమంటే ఎదుటివారి గర్వాన్ని మాఫీ చేయడం కాదు. రెండవది, జేన్ మనసు విషయంలో డార్సీ పొరబడ్డాడన్న ఆమె అభిప్రాయం సరైనదే, అది మారదు. మూడవది, 56వ అధ్యాయంలో డార్సీ పిన్ని లేడీ కాథరిన్ వచ్చి, అతణ్ణి పెళ్లాడనని మాట ఇమ్మని బెదిరించినప్పుడు ఎలిజబెత్ లొంగదు. ఆ స్థైర్యంలో డంబం లేదు, ఎవరినీ చిన్నబుచ్చి గెలవాలన్న కోరిక లేదు. మూడవ విభాగంలో చెప్పుకున్న రెండు మాటలు ఇక్కడ విడివడతాయి. ఆమెలోని గర్వం పోయింది, అభిమానం నిలిచింది.

ఆమె హాస్యమూ పోలేదు. పెళ్లి నిశ్చయమైన తర్వాత డార్సీని ఒక మాటతో ఆటపట్టించబోయి, తనను చూసి ఇతరులు నవ్వడం అతనికి ఇంకా అలవాటు కాలేదని ఆగిపోతుంది. నవల మొదట్లో ఆమె నవ్వుకు ఎదుటివారి వెర్రితనమే గురి. ఇప్పుడు ఆ నవ్వు ఎదుటి మనిషి మనసును కూడా చూస్తుంది.

8. చదువరి – విద్యామదం:

ఈ నవలను పి.జి. విద్యార్థిగా మొదటిసారి చదివినప్పుడు నేను వికమ్‌ను పూర్తిగా నమ్మాను. ఎలిజబెత్ తన తప్పు తెలుసుకున్నప్పుడు ఆమెను చూసి జాలిపడ్డాను. ఆమెతోపాటు నేనూ పొరబడ్డానన్నది తోచలేదు. అధ్యాపకుడినయ్యాక మరొక అనుభవం ఎదురైంది. ఒక విద్యార్థిని సెమినార్ పత్రంలో మొదటి పుటలోని అక్షరదోషాలు చూసి, దాని స్థాయి నాకు తెలిసిపోయిందనుకొని పక్కన పెట్టాను. మార్కులు వేయవలసి వచ్చి నెల తర్వాత మొత్తం చదివాను. నేను ఏళ్ల తరబడి పాఠం చెబుతున్న కావ్యంలో నాకు తట్టని ప్రశ్నను ఆమె మూడవ పుటలో అడిగింది. మొదటి పుట చూడగానే మూడవ పుటలో ఏముంటుందో తెలుసునన్న నమ్మకం నాకు ఎక్కడినుండి వచ్చింది? నిస్సందేహంగా అనుభవంనుండే. ఆ అనుభవం నిజమైనది కనుకనే దాని చాటున ఉన్నది నాకు కనిపించలేదు.

సాహిత్య పరిశోధన, బోధన, విమర్శ తీర్పుతో ముడిపడిన వృత్తులు. కవిని అంచనా వేస్తాం, సిద్ధాంతవ్యాసాన్ని పరీక్షిస్తాం, విద్యార్థిని తూచుతాం. వివేచన మన పనిముట్టు. ఎలిజబెత్ గర్వించిందీ ఆ పనిముట్టును చూసే. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన భర్తృహరి నీతిశతకంలో, కొద్దిగా తెలిసినప్పుడు అన్నీ తెలుసునని మదపుటేనుగులా తిరిగినవాడు పండితుల సాంగత్యంలో తన అజ్ఞతను గ్రహించి గర్వం వీడిన పద్యం సుప్రసిద్ధం. ఎలిజబెత్‌కు ఆ సాంగత్యం ఒక లేఖ రూపంలో, అదీ తనకు నచ్చని మనిషినుండి లభించింది. మనకు నచ్చనివారు చెప్పిన మాటలో నిజముంటే దానిని రెండవసారి చదవగలమా అన్నదే అసలు పరీక్ష.

9. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. ఎలిజబెత్ దురభిప్రాయం, గర్వం వేరువేరు దోషాలు కావు. తన వివేచనపై ఉన్న గర్వమే దురభిప్రాయాన్ని పరీక్షకు నిలవనీయకుండా కాపాడింది.

2. ఆమె గర్వం నిజమైన సుగుణాలను ఆశ్రయించి ఉండటంవల్ల, కథనం ఆమె దృష్టితో సాగడంవల్ల పాఠకునికి కనిపించదు.

3. ఆత్మగుర్తింపు ఒక్క మెరుపులో జరగలేదు. నిరాకరణ, సాక్ష్యాల పునఃపరిశీలన, దోషానికి సరైన పేరు పెట్టడం అనే క్రమంలో జరిగింది. అందుకు కావలసిన సమాచారంలో ముఖ్యభాగం అప్పటికే ఆమె వద్ద ఉంది.

4. గర్వభంగం బాహ్యమైనది, పరకర్తృకం. గర్వగుర్తింపు ఆంతరికం, స్వకర్తృకం. మొదటిదానికి సత్యభామ, రెండవదానికి ఎలిజబెత్ నిదర్శనాలు.

5. గర్వాన్ని విడవడం ఆత్మాభిమానాన్ని విడవడం కాదని నవల చివరి భాగం నిరూపిస్తుంది.

ఎలిజబెత్ ఆ లేఖను అర నిమిషంలో మళ్లీ విప్పింది. నేను పక్కన పెట్టిన పత్రాన్ని విప్పడానికి నాకు నెల పట్టింది, అదీ మార్కుల గడువు తరుముకొస్తేనే. ఆ తర్వాతినుండి మొదటి పుట చూసి ఏ పత్రాన్నీ పక్కన పెట్టకూడదన్న నియమం పెట్టుకున్నాను. ఆ నియమం ఎంతవరకు నిలుస్తున్నదో చెప్పవలసినవారు నా విద్యార్థులు.